అప్‌డేట్: షియామెన్‌లో ఏం తినాలని అడిగాను కదా, తిని వచ్చాను

ఆఫీసు పని మీద చైనాలోని షియామెన్ వెళ్తున్నాను, బీఫ్, పోర్క్ లేకుండా అక్కడి అసలు వంటలు దొరుకుతాయా అని అడిగాను. దొరుకుతాయి, కానీ ప్రతిచోటా అడగాలి.

మీలో చాలామంది చెప్పిన షాచా నూడుల్స్ నిజంగా అద్భుతం. వేరుశనగ, ఎండు రొయ్యలు, వెల్లుల్లితో చేసే చిక్కటి పులుసు. ఆగ్నేయాసియాకు వలస వెళ్లినవాళ్ల ద్వారా అక్కడి సాటే (పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం, వేరుశనగ సాస్‌తో తింటారు) షియామెన్‌కొచ్చి ఇలా మారింది. పైన వేసేవి మనమే ఎంచుకోవచ్చు, నేను రొయ్యలు, స్క్విడ్, టోఫు వేయించుకున్నాను. పులుసు చాలా చోట్ల పంది ఎముకలతో కాస్తారు, అందుకే సీఫుడ్‌తో చేసే షాపు వెతుక్కున్నాను.

చిన్న ఆయిస్టర్లు, చిలగడదుంప పిండి, గుడ్డు కలిపి వేసే అట్టు కూడా బాగుంది. దాన్ని పంది కొవ్వులో వేయించేవాళ్లున్నారు, నూనెలో వేయమని చెప్పండి. శాకాహారులకు తియ్యటి వేరుశనగ సూప్ ఉంది, పప్పు నోట్లో కరిగిపోతుంది.

సముద్రపు పురుగుల జెల్లీ గురించి ఒకరు అడిగారు. తిన్నాను. పురుగులను ఉడికించిన నీళ్లు చల్లారితే, ఆ పురుగుల్లోని జిగురుతోనే గడ్డకడుతుంది. వెనిగర్, వెల్లుల్లి, ఆవ ముద్దతో చల్లగా తింటారు. నాకైతే నచ్చింది.