రాజాజ్ఞ పెళ్ళి మీద కామెడీ సీరియల్: టాంగ్ కాలానికి ఏవి అతుకుతాయి, ఏవి అతకవు?

కాగితంపడవ:
ప్రతిలిపిలో సీరియల్ రాయాలనుకుంటున్నా. కథ చైనాలో, టాంగ్ వంశం కాలంలో. చక్రవర్తి శాసనం పంపి తన కూతుర్ని ఒక మంత్రి కొడుక్కి కట్టబెడతాడు. ఇద్దరికీ ఇష్టం లేదు. శాసనం చదవగానే ఇల్లంతా మోకాళ్ళ మీద పడి సరేనంటుంది, అమ్మాయి పారిపోబోయి దొరికిపోతుంది. పెళ్ళిలో ఎర్రబట్టలు, ఎర్రముసుగు. తర్వాత అతను పాత ప్రియురాల్ని రెండో భార్యగా తెస్తాడు, ఈమె విడాకులు అడుగుతుంది. అన్నీ డ్రామాల్లో చూసి అనుకున్నవే. చరిత్ర పాఠం వద్దండీ, సీన్లు రాయడానికి పనికొచ్చేవి చెప్పండి.

చాంగాన్‌చూపు:
ముందు ఒకటి తిరగరాయండి. పారిపోవాల్సింది అమ్మాయి కాదు, అబ్బాయి. పేరున్న పండిత కుటుంబాలు రాజకుమార్తె సంబంధమంటే జడుసుకునేవి. షియన్‌జోంగ్ చక్రవర్తి తన కూతురు చీయాంగ్‌కి వరుణ్ణి వెతికిస్తే చాలామంది ఒంట్లో బాగాలేదని తప్పుకున్నారు. కాదనకుండా నిలబడ్డది దూ త్సోంగ్ ఒక్కడే. 814లో పెళ్ళయింది. మీ హీరో ఇంట్లో కూడా శాసనం రాకముందే ఆ వార్త చేరాలి, వైద్యుడికి కబురు వెళ్ళాలి. శాసనం వచ్చాక జబ్బు పడితే ఎవరూ నమ్మరు.

అంత భయం ఎందుకంటే, రాజకుమార్తెది మొదటి శ్రేణి హోదా. అల్లుడికి దక్కే ఫూమా దూవెయ్ పదవి అయిదో శ్రేణిలో కింది మెట్టు. కోడలు అత్తమామలకు మొక్కడం కాదు, పాత ఆచారంలో అత్తమామలే ఆమెకు మొక్కాలి. 780లో దెజోంగ్ చక్రవర్తి దాన్ని మార్చాడు. మీ కథ ఆ ఏటికి ముందా తర్వాతా అన్నది ముందే తేల్చుకోండి, గృహప్రవేశం సీను మొత్తం దాని మీదే ఉంటుంది. ఇంకో చిక్కు, మామూలు భార్య పోతే ఏడాది మైల, రాజకుమార్తె పోతే భర్తకు మూడేళ్ళు. పెద్దింటివాళ్ళు రాచసంబంధం వద్దనడానికి సగం కారణం ఇదేనని వెన్‌జోంగ్ చక్రవర్తితో ఒక మంత్రే అన్నాడు. ఆ తర్వాతే దాన్ని తగ్గించారు.

మీకు బాగా పనికొచ్చేవాడు జెంగ్ హావో. రాజపరీక్షలో మొదటివాడు. లూ కుటుంబం పిల్లను చేసుకోవడానికి బయల్దేరి జెంగ్‌జౌ దాకా వెళ్ళాక, మంత్రి బై మిన్‌జోంగ్ సిఫారసుతో ఉత్తర్వు పంపి వెనక్కి పిలిపించారు. అలా షువాన్‌జోంగ్ చక్రవర్తి కూతురు వాన్షౌతో పెళ్ళి. ఆ కోపంతో అతను మంత్రి మీద పితూరీలు రాస్తూనే ఉన్నాడు. మంత్రికి బయట ఉద్యోగం పడినప్పుడు, నేను లేనప్పుడు ఇతను నన్ను బతకనివ్వడని చక్రవర్తి దగ్గర మొరపెట్టుకున్నాడు. చక్రవర్తి చిన్న చెక్కపెట్టె ఒకటి తెప్పించి చేతికిచ్చాడు. దాన్నిండా అల్లుడి పితూరీలే. వీటిని నమ్మి ఉంటే నువ్వు ఈ రోజు ఇక్కడ ఉండేవాడివా అన్నాడు. పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషిని విలన్‌గా కాకుండా ఇలా బలిపశువుగా వాడుకోండి, నవ్వు అక్కడే ఉంది.

గోంగూరగిన్నె:
దానికి ఇంకొకటి కలపండి. ఆ చక్రవర్తే యోంగ్‌ఫు అనే కూతుర్ని యూ త్సోంగ్‌కి ఇద్దామనుకున్నాడు. తండ్రితో భోజనానికి కూర్చుని ఆమె కోపంతో చెంచా, తినే పుల్లలు విరిచేసింది. ఇలాంటి పిల్ల పండితుల ఇంట్లో ఏం కాపురం చేస్తుందని ఆయన సంబంధం ఆపి, అదే వరుడికి ఇంకో కూతురు గ్వాంగ్‌దెని ఇచ్చాడు. అంటే అమ్మాయి వైపు నుంచీ తప్పించుకునే దారి ఉంది, గోడ దూకక్కర్లేదు.

ఇక పెళ్ళి. ఎర్రముసుగు, దాన్ని తక్కెడ కోలతో ఎత్తడం, అంతా ఎర్రబట్టలు తర్వాతి కాలాలవి. టాంగ్‌లో వరుడిది ఎరుపు, వధువుది ఆకుపచ్చ. ముఖానికి ముసుగు బదులు విసనకర్ర. ముహూర్తం మునిమాపున, కాబట్టి పగటి ఊరేగింపు రాయకండి. వరుడు గుమ్మం దగ్గరికి రాగానే అమ్మాయి తరఫు ఆడవాళ్ళు కర్రలతో వేళాకోళంగా కొడతారు. దెబ్బలు నిజంగానే తగిలిన సందర్భాలున్నాయి. తర్వాత ఆమె అలంకారం తెమలడం లేదని కవిత చదవాలి, లోపల విసనకర్ర దించమని ఇంకోటి. తోడు వచ్చిన స్నేహితులు అందించొచ్చు. హీరో పరీక్షలో మొదటివాడైనా ఆ గుమ్మం ముందు మాట పెగలకపోతే సీను దానంతటదే నడుస్తుంది. బండి కదిలాక దారికి అడ్డంపడి మందూ తిండీ అడిగే గుంపు, దిగాక వధువు దాటాల్సిన గుర్రపు జీను, తంతు జరిగే నీలిగుడారం. చివర్లో ఒకే సొరకాయను రెండు చెక్కలు చేసి అందులో పోసిన మద్యం చెరో చెక్కలో తాగుతారు.

బాతు సంగతి మరిచిపోకండి. పెళ్ళి తంతులు ఆరు, కానుకలు పంపేది తప్ప మిగతా అయిదింటికీ అడవిబాతు తీసుకెళ్ళాలి. బతికున్న పక్షి, చేతిలో కుదురుగా ఉండదు!

రాచపెళ్ళి అట్టహాసానికి 681 నాటి తైపింగ్ రాజకుమార్తె పెళ్ళి చూడండి. వేదిక వాన్‌నియెన్ జిల్లా కచేరీ. గేటు ఇరుకై ఆమె బండి పట్టకపోతే గోడ పగలగొట్టారు. దారి పొడవునా వెలిగించిన కాగడాల వేడికి చెట్లు మాడిపోయాయి.

లాపాయింటు:
"రెండో భార్య" చట్టప్రకారం లేదు. భార్య ఒక్కతే. ఆమె ఉండగా ఇంకొకరిని భార్యగా చేసుకుంటే ఏడాది కఠినశిక్ష, భార్యను ఉపపత్ని స్థాయికి దించితే రెండేళ్ళు. యువరాజులకైతే ఉపపత్నులకు కూడా లెక్క ఉంది, ఇద్దరు రురెన్‌లు, పదిమంది యింగ్‌లు. మీ హీరో యువరాజు కాదు, రాజు అల్లుడు. ప్రియురాల్ని ఇంటికి తెచ్చే ధైర్యం చేయడు. యిచెంగ్ అనే రాజకుమార్తె భర్త ఉంచుకున్నామె చెవులూ ముక్కూ కోయించింది, తండ్రి ఇద్దరి హోదా తగ్గించాడు. ఆ దారి కామెడీకి పనికిరాదు.

విడాకులు ఉన్నాయి. పొసగని దంపతులు ఒప్పుకుని విడిపోతే నేరం కాదని టాంగ్ స్మృతి స్పష్టంగా చెప్పింది. కానీ ఇది చక్రవర్తి చేసిన పెళ్ళి, చక్రవర్తే విడదీయాలి. భర్త కాగితం రాసిస్తే సరిపోదు.

వరసలు కూడా చూసుకోండి. ఒకే ఇంటిపేరు వాళ్ళకు పెళ్ళి నిషేధం, మేనత్త మేనమామ పిల్లల మధ్య కుదురుతుంది. మనవాళ్ళలా మేనమామకు ఇవ్వడం మాత్రం నేరం. అలవాటులో రాసేస్తారేమోనని చెబుతున్నా.

కాగితంపడవ:
పెళ్ళయ్యాక మొదటి పెద్ద గొడవ దేనిమీద పెట్టమంటారు? ప్రియురాలు లేకపోతే కథ ఆగిపోయింది.

చాంగాన్‌చూపు:
హోదా మీద పెట్టండి. సేనాపతి గువో జియీ కొడుకు గువో ఐ, డైజోంగ్ చక్రవర్తి కూతురు షెంగ్‌పింగ్ దంపతులు. గొడవలో అతను నోరుజారాడు: మీ నాన్న చక్రవర్తి అని కదా నీ ధీమా, మా నాన్న వద్దనుకున్న పదవి అది. ఈ మాటకు తల పోవాలి. ఆమె బండెక్కి నేరుగా తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన కోప్పడలేదు, అతను అన్నది నిజమే, వాళ్ళకు కావాలనుంటే ఈ రాజ్యం మనదయ్యేదా అని సముదాయించి పంపేశాడు. గువో జియీ హడలిపోయి కొడుకుని బంధించి దర్బారుకు వస్తే, చక్రవర్తి మొద్దుగా చెవిటిగా ఉండలేనివాడు ఇంటిపెద్దగా ఉండలేడు, పిల్లల పడకగది మాటలు మనకెందుకన్నాడు. అయినా గువో జియీ ఇంటికెళ్ళి కొడుక్కి కొన్ని పదుల దెబ్బలు వేయించాడు. ఈ చివరి ముక్క వదిలేస్తే చక్రవర్తి మంచితనం చప్పబడుతుంది, తప్పక ఉంచండి.

767 నాటి ముచ్చటగా చరిత్రలో ఉంది. నాటకాల్లో దీన్ని మామగారి పుట్టినరోజుకు మార్చారు. మిగతా కొడుకులూ కోడళ్ళూ జంటలుగా వచ్చి మొక్కుతుంటే ఇతను ఒంటరిగా నిలబడటం. మీరు ఆ మార్పు తీసుకుంటే 780కి ముందు కథగానే ఉంచండి, ఆమె రాకపోవడానికి ఆచారం అండగా ఉంటుంది. పైన చెప్పిన చీయాంగ్ వీళ్ళ కూతురి కూతురే. ఆ పిల్ల అత్తింటికొచ్చాక, పుట్టింటివాళ్ళిచ్చిన పనివాళ్ళు మాట వినరని తిప్పి పంపేసి, తనే వేరేవాళ్ళను కొనుక్కుంది. రెండో సీజన్ కావాలంటే ఆమె దగ్గర మొదలెట్టొచ్చు.

లాపాయింటు:
శాసనం గురించి ఒక్కమాట. డ్రామాల్లో వినిపించే "దైవాజ్ఞను శిరసావహించి చక్రవర్తి" అనే ఆరంభం మింగ్ కాలంది. టాంగ్ శాసనాలు "మెన్‌షియా" అని, వాటిని పరిశీలించే దర్బారు శాఖను పేరుతో పిలుస్తూ మొదలవుతాయి, ఎందుకంటే శాసనం దాని తనిఖీ దాటాలి. నచ్చకపోతే అభ్యంతరం రాసి తిప్పి పంపే హక్కు ఆ శాఖకు ఉంది. హీరో తండ్రిని ఆ శాఖలోనే అధికారిగా పెట్టండి, కొడుకు పెళ్ళి కాగితం ఆయన బల్ల మీదికే వస్తుంది.