చిన్న అప్లికేషన్‌కు హెల్మ్ చార్ట్ అవసరమా, యామల్ ఫైళ్లు చాలవా?

ప్రశ్న

పైథాన్ ఫ్లాస్క్‌లో రాసిన ఒక చిన్న వెబ్ అప్లికేషన్, దాని వెనుక ఒక రెడిస్ (డేటాను మెమరీలో ఉంచే డేటాబేస్). దీన్ని డాకర్ ఇమేజ్‌గా తయారుచేసి ల్యాప్‌టాప్‌లోని మినీక్యూబ్ (కంటైనర్లను నడిపే క్యూబర్నెటీస్ క్లస్టర్‌కు చిన్న రూపం) మీద నడపాలి. రెండు డిప్లాయ్‌మెంట్లు (ఏ కంటైనర్లు నడవాలో చెప్పేవి), రెండు సర్వీసులు (వాటిని చేరే నెట్‌వర్క్ చిరునామాలు), ఒక కాన్ఫిగ్‌మ్యాప్ (సెట్టింగులు), మొత్తం అయిదు యామల్ (ఇలాంటి అమరికలు రాసే టెక్స్ట్) ఫైళ్లతో పని అయిపోతుంది. అయినా మా బృందంలో సగం మంది మొదటి రోజు నుంచే హెల్మ్ చార్ట్ (ఆ ఫైళ్లన్నిటినీ ఒకే ప్యాకేజీగా చేసే టెంప్లేట్ల కట్ట) ఉండాలంటున్నారు, మిగతావారు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే అంటున్నారు. పెద్దలు కారణాలతో సహా తమ అభిప్రాయం చెప్పగలరు.

సమాధానం 1

నా ఓటు యామల్ ఫైళ్లకే. కొత్త చార్ట్ నమూనా తయారుచేసే 'హెల్మ్ క్రియేట్' ఆదేశం ఇచ్చి చూడండి, ఇన్‌గ్రెస్, ఆటోస్కేలింగ్, సర్వీస్ అకౌంట్ అంటూ మీరు అడగనివన్నీ వచ్చి కూర్చుంటాయి. ఆ నమూనా ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినది కాబట్టి కంటైనర్ పోర్టు 80 అని, ఆరోగ్య పరీక్ష కూడా అదే పోర్టులో జరగాలని ముందే రాసి ఉంటుంది. మీ ఫ్లాస్క్ 5000లో వింటూ ఉంటుంది. పరీక్ష వరుసగా విఫలమైనప్పుడల్లా క్యూబ్‌లెట్ (క్లస్టర్‌లోని ప్రతి యంత్రంలో కంటైనర్లను చూసుకునే ప్రోగ్రామ్) కంటైనర్‌ను మళ్లీ మొదలుపెడుతూ పోతుంది, కొత్తగా నేర్చుకునేవారేమో తప్పు తమ పైథాన్ కోడ్‌లోనే ఉందనుకుని పూటంతా వెతుకుతారు.

అసలు మొదటిసారి అందరూ ఆగిపోయే చోటు వేరే ఉంది, దానికి చార్ట్ ఏ సహాయమూ చేయదు. మీరు ల్యాప్‌టాప్‌లోని డాకర్‌లో కట్టిన ఇమేజ్ క్లస్టర్ నోడ్‌కు (క్లస్టర్‌లోని యంత్రానికి) దానంతట అది కనిపించదు. 'మినీక్యూబ్ ఇమేజ్ లోడ్' ద్వారా లోపలికి పంపినా, ట్యాగ్ 'లేటెస్ట్' అయి పుల్ పాలసీ (ఇమేజ్‌ను ఎప్పుడు తెచ్చుకోవాలో చెప్పే నియమం) రాయకపోతే క్యూబర్నెటీస్ ప్రతిసారీ ఇమేజ్‌లు నిల్వ ఉండే బయటి రిజిస్ట్రీనే అడుగుతుంది, అక్కడ దొరక్క 'ఇమేజ్‌పుల్‌బ్యాకాఫ్' అని చూపిస్తుంది. వేరే ట్యాగ్ ఏదైనా ఇచ్చి, పుల్ పాలసీని మీరు రాయకుండా వదిలేస్తే, నోడ్‌లో ఉన్నదాన్నే వాడుకుంటుంది.

సమాధానం 2

పోర్టు గురించి మీరు చెప్పింది నిజమే, కానీ అది నమూనాను చదవకుండా వాడటం వల్ల వచ్చే ఇబ్బంది. అక్కరలేని టెంప్లేట్లు తీసేసి రెండు మూడు ఫైళ్లతోనూ చార్ట్ రాసుకోవచ్చు. క్లస్టర్‌లో టిల్లర్ అనే భాగాన్ని ఉంచి దానికి విస్తృత అధికారాలు ఇవ్వవలసి వచ్చిన పాత బాధ కూడా 2019లో వచ్చిన హెల్మ్ 3తో తీరిపోయింది.

యామల్ పక్షం వారు దాటవేసే విషయం ఒకటుంది. ఫోల్డర్‌లోంచి ఒక సర్వీస్ ఫైలును తొలగించి మళ్లీ 'క్యూబ్‌సీటీఎల్ అప్లై' (ఫైళ్లను క్లస్టర్‌కు వర్తింపజేసే ఆదేశం) చేస్తే, క్లస్టర్‌లో ఆ సర్వీస్ అలాగే ఉండిపోతుంది. హెల్మ్ అయితే గత విడుదలలో ఏమేమి ఉన్నాయో సీక్రెట్ (రహస్య సమాచారం దాచే క్లస్టర్ వస్తువు) రూపంలో దాచుకుంటుంది కనుక, అప్‌గ్రేడ్ సమయంలో ఆ సర్వీస్‌ను తొలగిస్తుంది. వెనక్కి వెళ్లవలసి వచ్చినా అంతే: 'రోల్‌అవుట్ అన్‌డూ' డిప్లాయ్‌మెంట్‌ను మాత్రమే వెనక్కి తిప్పుతుంది, మార్చిన కాన్ఫిగ్‌మ్యాప్ మాత్రం మారినట్టే మిగులుతుంది. హెల్మ్ రోల్‌బ్యాక్ రెండింటినీ కలిపి తిప్పుతుంది.

సమాధానం 1

తొలగింపు గురించి మీ మాట ఒప్పుకుంటాను. కాన్ఫిగ్‌మ్యాప్‌కు మాత్రం హెల్మ్ అక్కరలేదు, 2019 నుంచి క్యూబ్‌సీటీఎల్‌లోనే కస్టమైజ్ (టెంప్లేట్లు లేకుండా యామల్ ఫైళ్లను సవరించి కలిపే సాధనం) ఉంది. అందులోని కాన్ఫిగ్‌మ్యాప్ జనరేటర్ విషయం మారిన ప్రతిసారీ పేరు చివర కొత్త హ్యాష్ (ఆ విషయం నుంచి లెక్కించిన గుర్తు) తగిలిస్తుంది. పేరు మారితే పాడ్ (కంటైనర్ నడిచే యూనిట్) నిర్వచనం మారినట్టే కాబట్టి పాడ్లు వాటంతట అవే కొత్తవి వస్తాయి, పాత కాన్ఫిగ్‌మ్యాప్‌ను మనం తుడిచేయనంతవరకూ వెనక్కి వెళ్లడమూ సాఫీగా జరుగుతుంది. హెల్మ్ వాడే గో టెంప్లేట్ల మధ్య ఖాళీలు లెక్కపెట్టుకునే అవస్థ ఉండదు.

సమాధానం 2

అయితే తేల్చవలసింది ఒక్కటే, దీన్ని ఇన్‌స్టాల్ చేసేది ఎవరు? మీ బృందమే అయితే కస్టమైజ్‌తో నాకు పేచీ లేదు. మీ కోడ్ ముఖం చూడని ఇంకొకరు పోర్టు, పాస్‌వర్డ్ మాత్రం మార్చుకుని నడుపుకోవాలంటే వారికి వాల్యూస్ ఫైలు (మార్చుకోదగిన విలువల పట్టిక) ఒక్కటి ఇస్తే చాలు, అప్పుడు చార్ట్‌కు పడిన శ్రమ దండగ కాదు.

ప్రశ్న వేసినవారు

ప్రస్తుతానికి నడిపేది మేమే. కాబట్టి కస్టమైజ్‌తో మొదలుపెట్టి, ఇమేజ్‌కు 'లేటెస్ట్' బదులు గిట్ కమిట్ సంఖ్యను ట్యాగ్‌గా ఇస్తాము. పరీక్షల విభాగం వారు తమ యంత్రాల్లో విడిగా నడుపుకుంటామని అడిగిన నాడు చార్ట్ రాస్తాము, పోర్టును మొదటే 5000కు మార్చి.