క్లోరిన్ 35.45 అంటే న్యూట్రాన్లు పద్దెనిమిదిన్నరా? మూడు బేసిక్ సందేహాలు

కొత్తబ్యాచ్:
అందరికీ నమస్కారం. కెమిస్ట్రీ మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను. ఆవర్తన పట్టిక దాటకముందే మూడు చోట్ల ఆగిపోయాను. సిల్లీగా ఉంటే నవ్వుకోండి, కానీ జవాబు మాత్రం చెప్పండి.

ఒకటి: ద్రవ్యరాశి సంఖ్య అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం అన్నారు. పట్టికలో క్లోరిన్ కింద 35.45 ఉంది. 17 ప్రోటాన్లు తీసేస్తే 18.45 న్యూట్రాన్లు. సగం న్యూట్రాన్ ఎక్కడిది?
రెండు: ఆర్గాన్ 39.95, పొటాషియం 39.10. బరువైనది ముందు, తేలికైనది వెనక. పట్టికలో వరస తప్పిందా?
మూడు: టైట్రేషన్ (ఒక ద్రావణంతో ఇంకోదాని గాఢత కనుక్కునే ప్రయోగం) రికార్డులో 12.5 మి.లీ. అని రాస్తే, సార్ ఎర్ర ఇంకుతో 12.50 అని దిద్దారు. రెండూ ఒకటే కదా?

పాతబ్యూరెట్:
ఇందులో సిల్లీ ఏమీ లేదండి. మూడూ చూడటానికి వేరువేరుగా ఉన్నా, చిక్కు ఒకటే. కొన్ని అంకెలు లెక్కపెడితే వస్తాయి, కొన్ని కొలిస్తే వస్తాయి. ఈ రెండింటినీ మీరు కలిపేస్తున్నారు.

17 లెక్కపెట్టిన అంకె. క్లోరిన్ కేంద్రకంలో ప్రోటాన్లు పదిహేడే, 17.2 ఉండే అవకాశమే లేదు. ద్రవ్యరాశి సంఖ్య కూడా లెక్కే, కానీ అది ఒక్కో రకం పరమాణువుకు వేరుగా ఉంటుంది. ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో రెండు రకాలు, అంటే రెండు స్థిరమైన ఐసోటోపులు ఉన్నాయి: క్లోరిన్-35లో 18 న్యూట్రాన్లు, క్లోరిన్-37లో 20. మొదటిది దాదాపు 75.76 శాతం, రెండోది 24.24 శాతం. పట్టికలో వేసిన 35.45 ఈ మిశ్రమం మొత్తానికి సగటు ద్రవ్యరాశి. క్లాసులో సగటు మార్కు 35.45 అయితే ఎవరో ఒకరికి సరిగ్గా 35.45 వచ్చి ఉండాలని లేదు కదా, ఇదీ అంతే. అంత ద్రవ్యరాశి ఉన్న క్లోరిన్ పరమాణువు ఒక్కటి కూడా లేదు.

కాబట్టి పట్టికలోని దశాంశ సంఖ్యలోంచి ప్రోటాన్లు తీసేసి న్యూట్రాన్లు చెప్పకండి. ఏ ఐసోటోపో తెలిస్తేనే న్యూట్రాన్ల లెక్క.

నీలిలిట్మస్:
దగ్గరి పూర్ణాంకానికి సవరించి లెక్కకడితే సరిపోతుందని చాలామంది చెబుతారు. తేలిక మూలకాల్లో తరచుగా కుదురుతుంది కూడా. బ్రోమిన్ దగ్గర బోల్తా కొడుతుంది. దాని విలువ 79.90, సవరిస్తే 80, అందులో 35 ప్రోటాన్లు పోతే 45 న్యూట్రాన్లు. కానీ ప్రకృతిలోని బ్రోమిన్ అంతా 79, 81 రకాలే, ఇంచుమించు చెరిసగం. అంటే న్యూట్రాన్లు 44 లేదా 46. మనకు వచ్చిన 45 ఆ రెండింట్లో దేనికీ చెందదు.

కొత్తబ్యాచ్:
చాలా థాంక్స్ అండీ, ఇప్పుడు వెలిగింది. కానీ చేసి చూద్దామని 35ను 0.7576తో, 37ను 0.2424తో గుణించి కూడితే 35.48 వచ్చింది, 35.45 రాలేదు. శాతాలు తప్పా?

పాతబ్యూరెట్:
శాతాలు సరిగ్గానే ఉన్నాయి. ద్రవ్యరాశి పెట్టాల్సిన చోట మీరు ద్రవ్యరాశి సంఖ్య పెట్టారు. క్లోరిన్-35 అసలు ద్రవ్యరాశి 34.969, క్లోరిన్-37ది 36.966. ఇవి వేసి చూడండి: 26.49 + 8.96 = 35.45. పరీక్షలో 35, 37 మాత్రమే ఇస్తే వాటితోనే చేయండి, కానీ జవాబు కాస్త పక్కకు జరుగుతుందని తెలిసి ఉండాలి.

రాత్రిబడి:
మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. సోడియం ప్రకృతిలో ఒకే రకం, సోడియం-23. సగటు గొడవే లేదు. మరి పట్టికలో 22.99 ఎందుకు? 23 అనేస్తే పోయేది కదా.

పాతబ్యూరెట్:
మంచి ప్రశ్న పట్టుకున్నారు. దీనికి కొంచెం ఓపిక కావాలి.

ముందు కొలబద్ద సంగతి. కార్బన్-12 పరమాణువు ద్రవ్యరాశిని సరిగ్గా 12 అనుకుని, అందులో పన్నెండో వంతును యూనిట్‌గా తీసుకున్నారు. ఆ యూనిట్‌లో విడిగా ఉన్న ప్రోటాన్ 1.00728, న్యూట్రాన్ 1.00866, ఎలక్ట్రాన్ 0.00055. ఇప్పుడు సోడియంలోని 11 ప్రోటాన్లు, 12 న్యూట్రాన్లు, 11 ఎలక్ట్రాన్లు కూడండి. 23.19 వస్తుంది. కొలిచి చూస్తే మాత్రం 22.99. కాగితం మీద 0.20 తేడా.

అది కొలతలో పొరపాటు కాదు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిసి కేంద్రకంగా బిగుసుకున్నప్పుడు శక్తి బయటికి పోతుంది, ఆ మేరకు ద్రవ్యరాశి తగ్గుతుంది. దీన్నే బంధన శక్తి లెక్కల్లో చదువుతారు. కార్బన్-12లోనూ ఇలాగే సుమారు 0.10 తగ్గింది, కానీ మనం దాన్నే 12 అని పేరుపెట్టేశాం కాబట్టి అక్కడ తేడా కనబడదు. సోడియం కేంద్రకం కార్బన్ కంటే ఇంకొంచెం గట్టిగా బిగుసుకుంది. అందుకే 23కి చిటికెడు తక్కువ. మామూలు లెక్కల్లో 23 అని వేసుకోండి, ఎవరూ ఏమీ అనరు.

నీలిలిట్మస్:
రెండో ప్రశ్న నేను తీసుకుంటాను, నాకు ఇష్టమైన భాగం.

వరస తప్పలేదు. పట్టిక పరమాణు సంఖ్య ప్రకారం నడుస్తుంది, అంటే ప్రోటాన్ల లెక్క. ఆర్గాన్ 18, పొటాషియం 19, అంతే. 1869లో మెండలీవ్ పట్టిక వేసినప్పుడు ప్రోటాన్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు, ఆయన చేతిలో ఉన్నది పరమాణు భారాలే. అయినా ధర్మాలు కుదరాలని, బరువైన టెల్లూరియంను ముందు పెట్టి అయోడిన్‌ను క్లోరిన్, బ్రోమిన్‌ల వరసలోకి తెచ్చాడు. టెల్లూరియం భారం కొలవడంలోనే తప్పుందని అనుకున్నాడు. భారం తప్పు కాదు (ఇప్పటి విలువలు 127.60, 126.90), కానీ పెట్టిన చోటు సరైనదే. 1913లో మోస్లీ అనే భౌతిక శాస్త్రవేత్త ఎక్స్-కిరణాలతో చేసిన ప్రయోగాల తర్వాత, వరస పెట్టాల్సింది భారంతో కాదు, కేంద్రకంలోని ధనావేశంతో అని తేలింది.

ఆర్గాన్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. గాలిలోని ఆర్గాన్‌లో 99.6 శాతం ఆర్గాన్-40. అదంతా ఎక్కడి నుంచి వచ్చిందంటే, చాలావరకు భూమిలోని పొటాషియం-40 క్షయం (దానంతటదే వేరే మూలకంగా మారిపోవడం) వల్లే! పొటాషియంలో ఎక్కువ భాగం, సుమారు 93 శాతం, పొటాషియం-39. అందుకే సగటులో పక్కవాడు ముందుకెళ్ళాడు.

కొత్తబ్యాచ్:
ఇది పుస్తకంలో ఎందుకు రాయరండీ! ఇక మూడోది. ఎర్ర ఇంకు ఇంకా మంటగానే ఉంది.

పాతబ్యూరెట్:
మీ సార్ కరెక్టే. గణితంలో 12.5, 12.50 ఒకటే. కొలతలో కాదు. మామూలు 50 మి.లీ. బ్యూరెట్‌పై (టైట్రేషన్‌లో వాడే గీతల గాజు గొట్టం) చిన్న గీతకు, గీతకు మధ్య 0.1 మి.లీ. ఉంటుంది. గీతల మధ్య ద్రవమట్టం ఎక్కడుందో కంటితో అంచనా వేసి రెండో దశాంశం కూడా రాయాలి. 12.50 అంటే "రెండో దశాంశం కూడా చూశాను, అక్కడ సున్నా ఉంది" అని. 12.5 అని ఆపితే ఆ స్థానం చూడలేదని అర్థం. 1 మి.లీ. గీతలున్న కొలజాడీతో అయితే 12.5 చాలు, అక్కడ 12.50 రాస్తే చూడనిది చూశానన్నట్టు అవుతుంది.

ఇంకో మాట: ద్రవమట్టం వంపు అడుగుభాగాన్ని, కన్ను అదే ఎత్తులో ఉంచి చూడండి. పైనుంచి వంగి చూస్తే ఎన్ని సున్నాలు రాసినా లాభం లేదు.

లెక్కపెట్టిన అంకెలకు ఈ బాధ లేదు. నీటి అణువులో హైడ్రోజన్లు రెండు అంటే రెండే, సార్థక అంకెల (కొలతలో నమ్మదగ్గ అంకెల) గొడవలో అది జవాబులోని అంకెలను తగ్గించదు. అవగాడ్రో సంఖ్య, అంటే ఒక మోల్‌లోని కణాల సంఖ్య, కూడా ఇప్పుడు అలాంటిదే. 2019 నుంచి మోల్ అంటే సరిగ్గా 6.02214076 × 10²³ కణాలు అని నిర్వచించేశారు, అంతకుముందు దాన్ని కొలిచేవారు.

కొత్తబ్యాచ్:
రాగితో నేనే చేసి చూశాను. రాగి-63 ద్రవ్యరాశి 62.93, వాటా 69.15 శాతం. రాగి-65ది 64.93, వాటా 30.85 శాతం. క్యాలిక్యులేటర్‌లో 63.547 వచ్చింది. సరేనా?

పాతబ్యూరెట్:
పద్ధతి సరే. కానీ మీరు వేసినవన్నీ నాలుగేసి సార్థక అంకెలు కదా, జవాబులో అయిదో అంకె ఎక్కడిది? 63.55 అని రాయండి.