పార్లమెంటును అడక్కుండానే విదేశీ ఒప్పందాలు చేసేయొచ్చా?

కళ్యాణదుర్గం కుర్రోడు:
అందరికీ నమస్కారం. అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. మొన్న ఆదివారం ఊరికి పోతే మా నాయన విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నాడు, కాయల మీద నీళ్లు చల్లి ఒలుస్తున్నా బొటనవేలు గోరు పక్కన పగిలిపోయింది. "బయటి నుంచి పామాయిలు వస్తానే ఉంది, మన కాయకు రేటు లేదు, ఏదో ఒప్పందమంట, దానికి మన ఎంపీ చెయ్యెత్తినాడా లేదా కనుక్కో" అన్నాడు. ఆసియాన్ (ఇండోనేసియా, మలేసియా లాంటి ఆగ్నేయాసియా దేశాల కూటమి) దేశాలతో ఆ ఒప్పందం మీద 2009 ఆగస్టులో సంతకం చేశారని, 2010 జనవరి నుంచి అమల్లోకి వచ్చిందని తెలిసింది కానీ, పార్లమెంటులో దాని మీద ఓటింగ్ జరిగినట్టు మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. నిజంగానే అడగరా?

కర్నూలు వకీలు:
అడగరు బాబూ. అడగాలని మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఒప్పందాలు చేసుకునే విషయం కేంద్ర జాబితా (కేంద్రం మాత్రమే చట్టం చేయగల అంశాల పట్టిక) 14వ అంశంలో ఉంది, 73వ అధికరణ కింద ఆ పని ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది. కేబినెట్ ఒప్పుకుంటే చాలు, రాష్ట్రపతి పేరు మీద ధ్రువీకరణ, అంటే ఒప్పందానికి కట్టుబడతామన్న తుది ఆమోదం, అయిపోతుంది. అమలుకు కొత్త చట్టం కావాల్సి వస్తేనే 253వ అధికరణ కింద పార్లమెంటుకు వెళ్తారు. దేశం భూమి వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణే చేయాలని బేరుబారి కేసులో సుప్రీంకోర్టు 1960లోనే చెప్పింది, అందుకే బంగ్లాదేశ్‌తో సరిహద్దు ఒప్పందానికి 2015లో 100వ సవరణ తేవాల్సి వచ్చింది. మీ నాయన అడిగిన సుంకం సంగతి వేరు. కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద ఒక నోటిఫికేషన్ ఇస్తే సుంకం తగ్గిపోతుంది, బిల్లు అక్కర్లేదు. ఎంపీ చెయ్యెత్తే సందర్భమే రాలేదన్నమాట.

కడప గ్రూప్స్ అభ్యర్థి:
ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది, కానీ ఒప్పందం పేరు చెప్పి 253 కింద దాని మీద కూడా కేంద్రం చట్టం చేయొచ్చు, రాష్ట్రాన్ని అడగాల్సిన పని లేదు. బ్రిటన్‌లో 1924 నుంచి ఒక ఆనవాయితీ ఉండేది, 2010లో దాన్ని చట్టం చేశారు: ఒప్పందాన్ని పార్లమెంటు ముందు పెట్టి, సభ కూర్చునే 21 రోజులు ఆగాకే ధ్రువీకరించాలి. అమెరికాలో సెనేట్‌లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. 2025 జులైలో మనం బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేశాం కదా, ఒకే కాగితాన్ని అక్కడి ఎంపీల ముందు పెట్టాలని చట్టం ఉంది, మన ఎంపీల ముందు పెట్టాలని లేదు. మన ఓటు విలువ తక్కువా?

తాడిపత్రి ఆయిల్ వ్యాపారి:
ఒక మాట చెప్పనివ్వండి. బేరం జరుగుతున్నప్పుడే అంతా బయట పెడితే మన చేతిలో ఏముందో అవతలివాడికి తెలిసిపోతుంది, మండీలో కాయ అమ్మే రైతుకూ ఈ సంగతి తెలుసు. ఇంకోటి, పామాయిలు తప్పంతా ఒప్పందం మీద వేయకండి. 2025 మే ఆఖరులో ముడి పామాయిలు మీద మూల సుంకాన్ని 20 శాతం నుంచి 10కి తగ్గించింది మన ప్రభుత్వమే, ఏ ఒప్పందమూ బలవంతం చేయలేదు. వంటనూనెలో సగం పైగా బయటి నుంచే తెచ్చుకుంటున్నాం కాబట్టి ధర మండితే ఆ ఒత్తిడి వస్తుంది. 2019 నవంబరులో ఆర్‌సెప్ (ఆసియాన్, చైనా, జపాన్ లాంటి దేశాల వాణిజ్య ఒప్పందం) చర్చల నుంచి మనం బయటికి వచ్చింది కూడా ఓటింగ్‌తో కాదు, పాడి రైతులు గట్టిగా అడ్డం పడ్డారు.

కర్నూలు వకీలు:
అన్నా, బేరం గుట్టుగానే జరగనీ, దానికి నేనూ ఒప్పుకుంటా. కానీ సంతకానికీ ధ్రువీకరణకూ మధ్య ఖాళీ ఉంటుంది చూడు. పారిస్ వాతావరణ ఒప్పందం మీద 2016 ఏప్రిల్ 22న సంతకం చేసి అక్టోబరు 2న ధ్రువీకరించాం, అంటే ఐదు నెలల పైన. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టి ఇప్పటికీ ధ్రువీకరించలేదు. ఆ ఖాళీలో పార్లమెంటు స్థాయీ సంఘం (ఎంపీల శాశ్వత కమిటీ) ఒకటి ఒప్పందం మొత్తం చదివి, రైతులను, రాష్ట్రాలను పిలిపించి అడిగితే ఎవరికి నష్టం? డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఒప్పందం అప్పుడు అదే జరగలేదు. 1994లో సంతకం అయిపోయింది, ఆ తర్వాత దానికి తగ్గట్టు పేటెంట్ల చట్టాన్ని 2005 దాకా మార్చుకుంటూ వచ్చాం. మాట ఇచ్చేశాక చట్టం సభకు తెస్తే ఇక ఎంపీలు కాదనడానికి ఏముంటుంది?

కళ్యాణదుర్గం కుర్రోడు:
థ్యాంక్స్ సార్, అందరికీ. రాత్రి నాయనకు ఫోన్‌లో చెప్పినా. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే ఇప్పుడేం చేయాలంట?" అన్నాడు. దానికి ఏం చెప్పాలో తెలియలేదు.

కర్నూలు వకీలు:
చేయడానికి ఉంది. ఆ ఆసియాన్ ఒప్పందాన్నే సమీక్షించాలని 2023లో రెండు వైపులా ఒప్పుకున్నారు. మీ ఊళ్లో పదిమంది రైతులతో సంతకాలు పెట్టించి మీ ఎంపీకి ఒక కాగితం ఇవ్వండి, ఆ సమీక్షలో నూనెగింజల గురించి మన వైపు నుంచి ఏం అడుగుతున్నారని లోక్‌సభలో ప్రశ్న వేయమనండి. ప్రశ్న వస్తే మంత్రి జవాబు చెప్పి తీరాలి, అది రికార్డులో ఉండిపోతుంది. కాగితం ఎట్లా రాయాలో నేను చూసి పెడతా, ముందు మీ నాయన మాటల్లోనే రాసి పంపు.