టోనోటోపీ స్కాన్‌కి 8 నిమిషాల వేవ్ ఫైల్ ఒక్కటి చాలా, బ్లాక్ బ్లాక్‌కీ కోడ్ రాయాలా?

గచ్చిబౌలి_పీహెచ్‌డీ

అందరికీ నమస్తే. మామూలుగా వినపడేవాళ్లలో ఎఫ్‌ఎంఆర్‌ఐతో ఆడిటరీ కార్టెక్స్ (మెదడులో శబ్దాన్ని అందుకునే భాగం) ఫ్రీక్వెన్సీ మ్యాప్ తీయబోతున్నాం, అంటే టోనోటోపీ: ఏ ఫ్రీక్వెన్సీకి ఏ చోటు స్పందిస్తుందో. సిటీలో ఒక ఆస్పత్రి వాళ్ల 3టీ (3 టెస్లా) ఎమ్మారై స్కానర్, పేషెంట్లు అయిపోయాక రాత్రి స్లాట్. డిజైన్ 2011లో డా కోస్టా బృందం 7టీ మీద వాడిందే: 88 హెర్ట్జ్ నుంచి 8 కిలోహెర్ట్జ్ దాకా అర ఆక్టేవ్ చొప్పున 14 టోన్లు, ఒక్కో టోన్ బ్లాక్ 2 సెకన్లు, చివర 4 సెకన్లు నిశ్శబ్దం. అంటే 32 సెకన్ల సైకిల్, 15 సార్లు, మొత్తం 8 నిమిషాలు. టీఆర్ (ఒక వాల్యూమ్, అంటే ఒక పూర్తి 3డీ చిత్రం, నుంచి తర్వాతి దానికి వ్యవధి) 2 సెకన్లు.

ల్యాబ్‌లో రెండు వర్గాలు. ఒకరేమో "మొత్తం ఒకే వేవ్ ఫైల్ చేసి ట్రిగ్గర్ (స్కానర్ పంపే సిగ్నల్) రాగానే వదిలెయ్" అంటున్నారు. ఇంకొకరు సైక్‌టూల్‌బాక్స్‌లో (పీటీబీ, ప్రయోగాలు నడిపే మ్యాట్‌ల్యాబ్ టూల్స్) ప్రతి బ్లాక్‌నీ విడిగా ప్లే చేయమంటున్నారు. నాకు పైథాన్ చేయి తిరిగింది కాబట్టి సైకోపై (అలాంటిదే, పైథాన్‌లో) అయితే హాయి. ఏది తేడా కొడుతుంది, ఏది కొట్టదు?

ఒకే_బఫర్

మొదటాయన చెప్పిందే కరెక్ట్, ఒక్క సవరణతో: చేత్తో ప్లే కొట్టడం కాదు. శబ్దాన్ని ముందే బఫర్‌లో నింపి, సౌండ్ కార్డు తెరిచి, ట్రిగ్గర్ కోసం కాచుకుని ఉండాలి.

బ్లాక్ బ్లాక్‌కీ ప్లే చేసేవాళ్లు ఎక్కడ దెబ్బతింటారంటే, "ప్లే చెయ్, 2 సెకన్లు ఆగు, మళ్లీ ప్లే చెయ్" అని లూప్ రాస్తారు. ప్రతి బ్లాక్‌కీ ఫైల్ తెరవడం, కార్డు మొదలవడం కలిపి 10 మిల్లీసెకన్లు తిన్నాయనుకోండి. 14 ఇంటూ 15, మొత్తం 210 బ్లాకులు. రన్ చివరికి 2.1 సెకన్లు వెనకబడతారు. మీ డిజైన్‌లో 2 సెకన్లంటే ఒక పూర్తి మెట్టు, అర ఆక్టేవ్. 32 సెకన్ల సైకిల్‌ని 360 డిగ్రీలు అనుకుంటే ఫేజ్‌లో 23 డిగ్రీల పైనే. 15వ సైకిల్‌లో మీరు 1408 హెర్ట్జ్ అని లెక్కలో రాసుకున్న క్షణంలో చెవిలో మోగేది ఇంకా 996.

ఒకే బఫర్‌లో ఆ గొడవే లేదు. కార్డు క్రిస్టల్ గడియారానికీ స్కానర్ గడియారానికీ 50 పీపీఎం (పది లక్షలకు 50) తేడా ఉన్నా 480 సెకన్లకు 24 మిల్లీసెకన్లు. 2 సెకన్ల టీఆర్ ముందు అదెంత? మెమరీ భయం కూడా అక్కర్లేదు. 48 కిలోహెర్ట్జ్, స్టీరియో, మ్యాట్‌ల్యాబ్ డబుల్‌లో పెట్టినా 370 ఎంబీ లోపే.

సైకోపై_పక్షం

పైన చెప్పింది చెడ్డ లూప్ మీద ఫిర్యాదు, బ్లాకుల మీద కాదు. ట్రిగ్గర్ సమయాన్ని సున్నా అనుకుని, ప్రతి బ్లాక్‌నీ "సున్నా ప్లస్ ఇన్ని సెకన్లకు మొదలుపెట్టు" అని ముందే చెప్పేస్తే పోగుపడే ఆలస్యం ఉండదు. సైక్‌టూల్‌బాక్స్‌లో శబ్దం వినిపించే భాగమైన సైక్‌పోర్ట్‌ఆడియోలో 'స్టార్ట్'కి ఇచ్చే సమయం ఉన్నది అందుకే. సైకోపైలో 'వెన్' ఇస్తారు. పైగా సైకోపై పీటీబీ బ్యాకెండ్ లోపల ఉన్నది అదే సైక్‌పోర్ట్‌ఆడియో ఇంజిన్. రెండిట్లో ఏది గొప్ప అని కొట్టుకోవడం, ఒకే ఇంజిన్ వేసిన రెండు బళ్ల రంగు మీద పోట్లాడటమే.

ఒకే ఫైల్ వల్ల నష్టాలు చెప్పనా? అది 8 నిమిషాలు మోగుతూనే ఉంటుంది, ఏ టోన్ నిజంగా ఎప్పుడు మొదలైందో లాగ్‌లో ఉండదు. మధ్యలో కార్డు ఒకసారి తడబడి ముక్క జారిపోతే ఎవరికీ తెలీదు. చీకట్లో పడుకున్న మనిషిని మెలకువగా ఉంచడానికి బటన్ టాస్క్ (టోన్ మారినప్పుడు నొక్కాలి) పెడతారు కదా, మారిన టోన్ ఎప్పుడు వచ్చిందో తెలియకుండా ఆ జవాబుల్ని దేనితో పోల్చుతారు?

> నాకు పైథాన్ చేయి తిరిగింది

సైకోపైనే పట్టుకోండి. 2020లో పియర్‌జే జర్నల్‌లో వచ్చిన టైమింగ్ మెగా స్టడీ చూడండి, ముఖ్యమైన ల్యాబ్ ప్యాకేజీల్ని పక్కపక్కన పెట్టి కొలిచారు. (ఆ పేపర్ రచయితల్లో సైకోపై కట్టినాయన కూడా ఉన్నారు, ఆ సంగతి దాచను.)

ఒకే_బఫర్

ఇంజిన్ ఒకటే, ఒప్పుకుంటా. కానీ సైకోపైలో ఆడియో లైబ్రరీ అనేది ఒక వరస. మొదటిది దొరక్కపోతే రెండోదానికి జారుతుంది. పీటీబీ అనుకుని నడుపుతుంటారు, నిజంగా నడిచేది ఇంకోటి. లాగ్‌లో ఏ లైబ్రరీ పేరు పడిందో చూడకుండా స్కానర్ దగ్గరికి వెళ్లొద్దు.

ముక్క జారిపోతే తెలీదన్నారు. సైక్‌పోర్ట్‌ఆడియో 'గెట్‌స్టేటస్'లో 'ఎక్స్‌రన్స్' అని, ఎన్నిసార్లు ముక్క జారిందో చెప్పే ఒక లెక్క ఉంటుంది. రన్ అయ్యాక అది సున్నా ఉందా లేదా అన్నది రాసి పెట్టుకోండి, చాలు. మారిన టోన్లు ఎక్కడున్నాయో బఫర్ తయారుచేసిన కోడ్‌కే తెలుసు, ఆ సమయాలతోనే ఈవెంట్స్ ఫైల్ కూడా రాయించండి.

ఇద్దరికీ వర్తించేది ఒకటుంది, శాంప్లింగ్ రేట్. 44.1 కిలోహెర్ట్జ్‌లో చేసిన శబ్దాన్ని 48కి తెరిచిన కార్డులోకి అలాగే తోస్తే ప్రతి టోన్ ఒకటిన్నర సెమీటోన్ పైకి పోతుంది. అది చెవికి దొరకదు. అసలు నష్టం 32 సెకన్ల సైకిల్ 29.4 అయిపోవడం. 15 సైకిళ్లకు 39 సెకన్ల ముందే శబ్దం ఆగిపోతుంది, అప్పుడు గానీ ఎవరూ గమనించరు.

రొద_లెక్కలు

మీరిద్దరూ మిల్లీసెకన్ల దగ్గర ఆగిపోయారు. వాల్యూమ్‌ని స్లైసులుగా, అంటే పొర తర్వాత పొరగా తీస్తారు కాబట్టి, స్లైస్ టైమింగ్ సరిచేయకపోతే ఒకే వాల్యూమ్‌లో మొదటి స్లైస్‌కీ చివరి స్లైస్‌కీ దాదాపు టీఆర్ అంత తేడా, అంటే దగ్గర దగ్గర అర ఆక్టేవ్. ముందు అది చూడండి.

అంతకంటే పెద్దది స్కానర్ రొద. ఈపీఐ (ఎఫ్‌ఎంఆర్‌ఐలో వాడే వేగమైన స్కాన్ పద్ధతి) రొదలో గట్టి శిఖరం ఎక్కడుంటుందో ఎకో స్పేసింగ్ (వరస ఎకో సిగ్నళ్ల మధ్య వ్యవధి) చెబుతుంది. గ్రేడియంట్ (కాయిల్‌తో మార్చే అయస్కాంత క్షేత్రం) ఒకసారి అటూ ఇటూ ఊగడానికి రెండు ఎకోలు పడతాయి. ఎకో స్పేసింగ్ 0.5 మిల్లీసెకన్లు అయితే శిఖరం 1000 హెర్ట్జ్ దగ్గర. ఇప్పుడు మీ 14 టోన్లు వరసగా రాయండి: 88, 124, 176, 249, 352, 498, 704, 996... ఎనిమిదో టోన్ సరిగ్గా ఆ ఊళ మీదే కూర్చుంది. దాన్ని వినాల్సిన న్యూరాన్లకు ఆ 8 నిమిషాలూ స్కానరే టోన్ వినిపిస్తుంటుంది. మ్యాప్‌లో 1 కిలోహెర్ట్జ్ పట్టీ సన్నబడితే అది మెదడు సంగతి కాదు, ప్రోటోకాల్ సంగతి.

ఎకో స్పేసింగ్ 0.6కి మారిస్తే శిఖరం 833కి దిగుతుంది, 704కీ 996కీ నట్టనడుమ. అయితే కొన్ని ఎకో స్పేసింగ్ విలువల్ని స్కానరే ఒప్పుకోదు, గ్రేడియంట్ కాయిల్ రెజొనెన్స్ వల్ల. ఇమేజ్ వంపులు కూడా కాస్త పెరుగుతాయి. ఇంకో మెలిక: గ్రాపా 2 (సగం గీతలే కొలిచి స్కాన్ వేగం పెంచే పద్ధతి) వాడితే డిస్టార్షన్ సరిచేసే ప్రోగ్రామ్‌కి ఇచ్చే 'ఎఫెక్టివ్' విలువ అసలుదాంట్లో సగం ఉంటుంది. రొద లెక్కకు అసలుదే తీసుకోవాలి.

నన్నడిగితే స్పార్స్ చేయండి. 1999లో హాల్ బృందం పెట్టిన పద్ధతి. టీఆర్ 10 సెకన్లు, అందులో 2 సెకన్లు స్కాన్, 8 సెకన్లు నిశ్శబ్దం. సీమెన్స్ అయితే 'డిలే ఇన్ టీఆర్' 8000. శబ్దం ఆ నిశ్శబ్దంలోనే వస్తుంది, మెదడు స్పందించిన చోట పెరిగే రక్తప్రవాహం 4 నుంచి 6 సెకన్లకు శిఖరం ఎక్కే వేళకు స్కాన్ పడుతుంది.

సైకోపై_పక్షం

స్పార్స్ అని తేలిగ్గా అనేశారు. 8 నిమిషాలకు 240 వాల్యూములు రావాల్సింది 48 వస్తాయి. 14 టోన్లు, ఒక నిశ్శబ్దం కలిపి 15 కండిషన్లకు ఒక్కోదానికి మూడంటే మూడు. స్వీప్ (టోన్లు వరసగా మారే సైకిల్) పెట్టినా 32 సెకన్ల సైకిల్‌లో మూడు కొలతలకు కాస్త పైన. అసలు ఫ్రీక్వెన్సీ 0.031 హెర్ట్జ్ నైక్విస్ట్ హద్దు (కొలతల వేగంలో సగం) 0.05 లోపలే ఉంది, కానీ రెండో హార్మోనిక్ 0.0625 మడతపడి 0.0375కి వచ్చి పక్కనే కూర్చుంటుంది. కాబట్టి స్వీప్ వదిలేసి 7 టోన్లకు తగ్గించాలి, నిశ్శబ్దంతో 8 కండిషన్లు, ఒక్కోటి 20 సార్లు అంటే 160 వాల్యూములు, 27 నిమిషాలు. రాత్రి స్లాట్‌లో అనాటమీ స్కాన్ కూడా పడాలి మరి.

రొద కంటిన్యువస్‌గా ఒకేలా ఉంటుంది. 32 సెకన్లకోసారి మారదు కాబట్టి ఫేజ్ లెక్కలో అది సగటులోకే పోతుంది.

రొద_లెక్కలు

సగటులోకి పోతుంది, నిజమే. కానీ అప్పటికే సగం రెచ్చిపోయి ఉన్న చోట టోన్‌కి వచ్చే పెరుగుదల తగ్గుతుంది. అది కూడా అన్ని ఫ్రీక్వెన్సీలకూ సమంగా తగ్గదు. నా అభ్యంతరం అదే, అది మారదు.

స్పార్స్ అయితే అసలు ప్రశ్నకు జవాబు కూడా తిరగబడుతుందని గమనించండి. ప్రతి ట్రిగ్గర్‌కీ ఒక ట్రయల్, ప్రతిదీ ఆ ట్రిగ్గర్ ప్లస్ 2 సెకన్ల తర్వాతే మొదలవ్వాలి, వరస యాదృచ్ఛికం. అక్కడ ఒకే పెద్ద ఫైల్ పనికిరాదు.

తీగలు_జాక్‌లు

సాఫ్ట్‌వేర్ ఏదైనా కొలవకుండా నమ్మొద్దు. రెండు చానెళ్ల యూఎస్‌బీ రికార్డర్ చాలు, సికింద్రాబాద్ సీటీసీలో దొరుకుతుంది. ఒక చానెల్‌కి స్కానర్ ట్రిగ్గర్, రెండోదానికి కార్డు నుంచి వచ్చే శబ్దం. ట్రిగ్గర్ 5 వోల్టులు, నేరుగా లైన్ ఇన్‌లోకి ఇవ్వకండి. 9.1 కిలోఓమ్, 1 కిలోఓమ్ రెసిస్టర్లతో డివైడర్ కడితే అర వోల్టుకు దిగుతుంది. బీఎన్‌సీ కనెక్టర్, రెసిస్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో తీసుకోండి. పూర్తి 8 నిమిషాలు రికార్డ్ చేసి మొదటి సైకిల్ ఆలస్యమూ 15వ సైకిల్ ఆలస్యమూ పోల్చండి. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే ఫర్వాలేదు, పెరుగుతూ పోతేనే తప్పు. గాలి గొట్టం హెడ్‌ఫోన్ అయితే 3 మీటర్లకు ఇంకో 9 మిల్లీసెకన్లు కలపండి. దాని కంటే పెద్ద సమస్య ఆ గొట్టాల్లో పై ఫ్రీక్వెన్సీలు పడిపోవడం. 8 కిలోహెర్ట్జ్ దాకా వెళ్లాలంటే సెన్సిమెట్రిక్స్ ఎస్14 లాంటి ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్లు కావాలి. వాటితో వచ్చే ఈక్వలైజేషన్ ఫిల్టర్లు ఎడమకు వేరు, కుడికి వేరు, తారుమారు చేయకండి.

ఇక స్థాయిలు. 88 హెర్ట్జ్ టోన్ 1 కిలోహెర్ట్జ్ అంత గట్టిగా అనిపించాలంటే 20 డెసిబెల్‌ల దగ్గరగా పెంచాలి, అంటే ఆంప్లిట్యూడ్ పదింతలు. 1 కిలోహెర్ట్జ్‌ని 0.5 దగ్గర పెట్టుకుంటే 88 హెర్ట్జ్ 5కి పోతుంది, ±1 దగ్గర తల తెగుతుంది. తెగిన సైన్ వేవ్‌లో 264, 440 హెర్ట్జ్ పుడతాయి. అప్పుడు కింది టోన్‌కి పై టోన్ల ప్రాంతం వెలిగి "మ్యాప్ తిరగబడింది" అంటారు. పై టోన్లను 0.1 లోపు ఉంచి ఆంప్లిఫయర్ దగ్గర పెంచుకోండి. ప్రతి టోన్ ముక్కకూ రెండు చివర్లా 10 మిల్లీసెకన్ల కొసైన్ ర్యాంప్, లేకపోతే టక్కుమనే శబ్దం అన్ని ఫ్రీక్వెన్సీలనూ లేపుతుంది.

విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు, ముఖ్యంగా లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్, ఆపేయండి. అది మీ స్థాయిలన్నీ చదును చేసేస్తుంది.

ఫోమ్ టిప్ సరిగ్గా బిగియకపోతే ముందు పోయేవి కింది ఫ్రీక్వెన్సీలే. టిప్‌ని సన్నగా నలిపి, చెవిని పైకి వెనక్కి లాగి పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోండి. మెటల్ తీగని వేవ్‌గైడ్ (స్కానర్ గది గోడలోని గొట్టం) గుండా గదిలోకి లాగకండి, అది యాంటెన్నా అయి ఇమేజ్ మీద గీతలు తెస్తుంది.

గచ్చిబౌలి_పీహెచ్‌డీ

చాలా థాంక్స్. స్పార్స్‌కి టైమ్ లేదు, కంటిన్యువస్సే. ఎకో స్పేసింగ్ గురించి రేడియోగ్రాఫర్ గారిని అడుగుతాను. సగం రన్లు కింది నుంచి పైకి, సగం పై నుంచి కిందికి పెడితే ఆలస్యాలన్నీ కొట్టుకుపోతాయి కదా, లూప్ ఆలస్యం కూడా?

ఒకే_బఫర్

రక్తప్రవాహం ఆలస్యం, స్లైస్ తేడా కొట్టుకుపోతాయి. ఒక దిశలో ఆలస్యం ఫ్రీక్వెన్సీని పైకి నెడితే రెండో దిశలో కిందికి నెడుతుంది. లూప్ ఆలస్యం మాత్రం రెండు రన్లలోనూ ఒకే తీరున పెరిగితేనే. పెరిగినా సైకిల్ 32.14 సెకన్లు అయి, 15వ ఫ్రీక్వెన్సీ బిన్‌లో (రన్‌కి 15 సైకిళ్ల చోట) ఉండాల్సిన బలం పక్కకు కారుతుంది. టైమ్ అయిపోయి ఒక దిశ రన్ మిస్ అయితే అదీ లేదు.

మధ్యేమార్గం కావాలంటే ఇది చేయండి: 32 సెకన్ల సైకిల్‌ని ఒక బఫర్‌గా చేసి, 15 సార్లు ట్రిగ్గర్ సమయం నుంచి లెక్కగట్టి 'స్టార్ట్' చేయండి. ప్రతి సైకిల్‌కీ లాగ్‌లో ఒక సమయం పడుతుంది. చివరి 4 సెకన్ల నిశ్శబ్దాన్ని బఫర్‌లో పెట్టకండి, 28 సెకన్లకే ఆపితే తర్వాతి దాన్ని సిద్ధం చేసుకోవడానికి చోటు ఉంటుంది.

సైకోపై_పక్షం

అది బ్లాకులే కదా భాయ్, పెద్ద బ్లాకులు.

తీగలు_జాక్‌లు

ఒకటి వదిలేశాను. ల్యాప్‌టాప్ ఛార్జర్ ప్లగ్ పెట్టి ఉంచితే ఎర్త్ లూప్ వల్ల 50, 100, 150 హెర్ట్జ్ గుర్రుమనే శబ్దం రావొచ్చు, మీ 88, 124 టోన్ల పక్కనే. బ్యాటరీ మీద నడపండి, కానీ పవర్ సేవింగ్ ఆపేసి. నిశ్శబ్దంలో కార్డు నిద్రపోతే తర్వాతి సైకిల్ మొదటి ముక్క మింగేస్తుంది, కాబట్టి అదే కార్డు మీద సున్నాలతో నింపిన ఇంకో శబ్దాన్ని రన్ అయిపోయేదాకా ఆడిస్తూ ఉంచండి.