జలుబు, జ్వరంతో ఉన్నాను, పాపకి పాలివ్వడం గురించి చెప్పండి

మూడు రోజులుగా జలుబు, ఒళ్ళు నొప్పులు. నిన్న రాత్రి జ్వరం 101 దాటింది. పాపకి మూడో నెల, నా పాలు తప్ప ఇంకేమీ పట్టడం లేదు.

మా అత్తయ్య "పడిశం పాలల్లోంచి బిడ్డకి దిగుతుందమ్మా, తగ్గేదాకా డబ్బా పాలు పట్టు" అంటున్నారు. పాప మీద ప్రేమతోనే అంటున్నారు, కాదనను. కానీ పిల్లల డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే మానొద్దన్నారు. జలుబు పాలల్లోంచి రాదట, తుమ్ములు, దగ్గు తుంపర్లు, చేతుల వల్లే అంటుకుంటుందట. పైగా నా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు పాలతో పాపకి అందుతాయట. అందుకే మాస్క్ పెట్టుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని ఇస్తున్నాను. ఆయన చెప్పిన పారాసిటమాల్ ఒక్కటే వేసుకుంటున్నాను.

ఇప్పుడు నా టెన్షన్ వేరే. నిన్నటి నుంచి పాలు తగ్గినట్టున్నాయి, పాప రొమ్ము వదిలేసి ఏడుస్తోంది. జ్వరంలో మీకూ ఇలా అయిందా? మళ్ళీ ఎన్నాళ్ళకి మామూలుగా పడ్డాయి? ముక్కు దిబ్బడకి మెడికల్ షాపులో ఇచ్చిన జలుబు మాత్ర ఇంకా వేసుకోలేదు, కొన్ని మాత్రలు పాలు తగ్గిస్తాయని విన్నాను. ఆవిరి, వేడి చారు కాకుండా మీకు ఏం ఉపశమనం ఇచ్చింది? రాత్రిళ్ళు పాపని పక్కలోనే పడుకోబెట్టుకున్నారా, వేరేగా ఉంచారా? పాలిచ్చిన తల్లులు దయచేసి చెప్పండి.