హేవ్‌లాక్‌లో ఉన్నాం, మిగిలిన రోజులు ఎలా గడపాలి?

అమ్మానాన్నలతో అండమాన్‌లోని హేవ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్) వచ్చాం. విజయనగర్ బీచ్ పక్కనే చవకగా రూమ్ దొరికింది. ఫొటోల్లో నీలి నీళ్లు; ఇక్కడేమో ఆటు సమయంలో సముద్రం ఎక్కడికో వెళ్లిపోతుంది, మిగిలేది రాళ్లు, చచ్చిన పగడాలే. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆ రాళ్ల మీద నడవలేదు. రూమ్‌లో ఫ్యాన్ తిరిగితే గొప్ప, దోమలు మాత్రం ఫ్రీ.

రాధానగర్ బీచ్ బాగుంటుందట గానీ అది దీవికి అవతలి వైపు. ఆటోవాళ్లు చెప్పే రేటు మా వల్ల కాదు, స్కూటీ అంటే నాన్న ఎక్కరు. అటు వెళ్లే బస్సు టైమింగ్స్ ఎవరికైనా తెలుసా? లేక నీల్ దీవికి మారిపోవడమే మేలా, అక్కడా ఆటు సమయంలో ఇదే పరిస్థితా? ప్రభుత్వ ఫెర్రీ టికెట్లు జెట్టీ దగ్గర అప్పటికప్పుడు ఇస్తారా? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.